చెరకు పిప్పి ప్లేట్ల ఎగుమతి: పీఎఫ్ఏఎస్ లేవన్న హామీపత్రంపై సంతకం చేయవచ్చా?

ప్రశ్న: పిప్పి ప్లేట్ల యూనిట్, గోదావరి జిల్లా

అందరికీ నమస్కారం. చెరకు పిప్పి గుజ్జుతో భోజనం ప్లేట్లు, గిన్నెలు అచ్చుపోసే చిన్న యూనిట్ మాది. సరుకులో ఎక్కువ భాగం జర్మనీకి, కొంత అమెరికాలోని మిన్నెసోటాకు వెళుతుంది. వీటిని హోటళ్లలో ఆహారం నింపి ఇవ్వడానికి వాడతారు. ఇటీవల జర్మనీ కొనుగోలుదారు ఒక హామీపత్రం పంపించారు. మా సరుకులో పీఎఫ్ఏఎస్ రసాయనాలు (నూనె, నీరు ఇంకకుండా వాడే, ప్రకృతిలో తేలిగ్గా నశించని ఫ్లోరిన్ రసాయనాలు) ఏ రూపంలోనూ లేవని, ఒకవేళ ఉన్నట్టు తేలితే అమ్మిన సరుకును వెనక్కి రప్పించే ఖర్చంతా మేమే భరిస్తామని అందులో ఉంది.

నూనె ఇంకకుండా గుజ్జులో కలిపే రసాయనాన్ని కిందటేడే ఫ్లోరిన్ లేని రకానికి మార్చామని మా సరఫరాదారు అంటున్నారు. డ్రమ్ము మీద మాత్రం వ్యాపార నామం తప్ప ఇంకేమీ లేదు. ల్యాబుకు ఒక నమూనా పంపితే మొత్తం ఫ్లోరిన్ 50 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50 వంతులు) పరిమితిని కొద్దిగా దాటింది. మేము కలపని ఫ్లోరిన్ ఎక్కడి నుంచి వచ్చినట్టు? బోరు నీటిలోని ఫ్లోరైడే కారణమని కొందరు అంటున్నారు. ఈ స్థితిలో సంతకం చేయవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: పేపర్ రసాయనాల రంగంలో పనిచేస్తున్నాను

పత్రం ఉన్నది ఉన్నట్టుగా ఉంటే సంతకం చేయకండి. "ఏ రూపంలోనూ లేవు" అన్న మాటను ప్రపంచంలో ఏ ల్యాబూ రుజువు చేయలేదు. యూరప్ చట్టం కూడా మిమ్మల్ని అంత అడగడం లేదు. 2025/40 నంబరు నిబంధన 2026 ఆగస్టు 12 నుంచి ఆహారానికి తగిలే ప్యాకేజింగ్‌కు పెట్టిన హద్దులు ఇవి: విడిగా కొలిచిన ఏ ఒక్క పీఎఫ్ఏఎస్ అయినా 25 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 25 వంతులు) లోపల, అలా కొలిచిన వాటి మొత్తం 250 పీపీబీ లోపల, పాలిమర్ రకాలను కూడా కలుపుకొని చూస్తే 50 పీపీఎం లోపల ఉండాలి. మొత్తం ఫ్లోరిన్ 50 పీపీఎం దాటినంత మాత్రాన సరుకు నిషిద్ధం అయిపోదు. ఆ ఫ్లోరిన్ పీఎఫ్ఏఎస్ నుంచి వచ్చిందా, వేరే దాని నుంచి వచ్చిందా అన్నదానికి అడిగినప్పుడు రుజువు చూపాలి. మీ కేసు నిలిచేది అక్కడే.

బోరు నీటి సంగతి లెక్క కట్టి చూద్దాం. అచ్చు నుంచి దిగిన తడి ప్లేటులో కిలో పొడి గుజ్జుకు రెండు మూడు లీటర్ల నీరు ఉంటుందనుకుంటే, లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీటితో నడిచే యూనిట్‌లో ప్లేటు ఆరేసరికి 6 నుంచి 9 పీపీఎం మిగలవచ్చు. నల్గొండ, ప్రకాశం వైపు బోర్లకైతే ఈ అనుమానం కొంత సబబే. గోదావరి వైపు ఉన్న మీకు అది పెద్ద కారణం కాకపోవచ్చు, పైగా నీటి ఫ్లోరైడ్ పీఎఫ్ఏఎస్ కోవలోకి రాదు. మీరు టాల్క్ వంటి ఖనిజ పొడి ఏదైనా కలుపుతుంటే దాన్ని కూడా పరీక్షించండి, అందులోనూ ఫ్లోరైడ్ ఉండవచ్చు.

నాకు ఎక్కువ అనుమానం మీ ట్యాంకుల మీదనే. పాత రసాయనంతో తయారైన గుజ్జులో ఫ్లోరిన్ వందల పీపీఎం, ఒక్కోసారి వెయ్యికి పైగా ఉండేది. డ్రమ్ము మార్చారు గానీ, అచ్చుల నుంచి కారిన నీటిని తిరిగి పల్పర్‌లోకి (గుజ్జు కలిపే యంత్రంలోకి) పంపే గొట్టాలు, అడుగున పేరుకున్న బురద మారలేదు కదా! అంచులు కత్తిరించిన పాత ముక్కలను మళ్లీ గుజ్జులో కలుపుతుంటే, మానేసిన రసాయనం ఆ ముక్కలతో పాటే ప్రతి రోజూ లోపలికి వస్తుంది. కాబట్టి పాత ముక్కలను పూర్తిగా పక్కన పెట్టి, వ్యవస్థలోని నీటినంతా ఖాళీ చేసి, ట్యాంకులు కడిగించిన తర్వాత నడిపిన సరుకు నుంచి కొత్త నమూనా తీయండి. ఆ కడిగిన నీటిని మాత్రం పంట కాలువలోకి వదలకండి. ప్లేటుతో పాటు నీటిని, గుజ్జును, డ్రమ్ములోని రసాయనాన్ని విడివిడిగా పంపితే దొంగ ఎక్కడున్నాడో తేలుతుంది.

జవాబు 2: ఎగుమతి వ్యాపారి, విశాఖపట్నం

పై మిత్రులు చెప్పిన సాంకేతిక విషయాలతో నాకు పేచీ లేదు. అయితే ఈ భారం ఎవరి నెత్తిన పడుతోందో కూడా చూడాలి. ఈ రసాయనాలతో దశాబ్దాల పాటు లాభాలు గడించిన అమెరికా సంస్థ 3ఎం 2025 చివరికి వీటి తయారీ నుంచి తప్పుకుంటానని 2022లో ప్రకటించి, 2023లో అమెరికా తాగునీటి సంస్థలకు 1,030 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అంత పెద్ద సంస్థకు తప్పుకునే స్తోమత ఉంది. పిప్పి ప్లేట్ల యూనిట్‌కు అటువంటి స్తోమత ఎక్కడిది? తిలాపాపం తలాపిడికెడు అన్నట్టు, డ్రమ్ములో ఏముందో కూడా చెప్పించుకోలేని చిన్నవాడి మీదకు కొనుగోలుదారు తన బాధ్యతనంతా ఒక కాగితంతో నెట్టేస్తున్నాడు.

అక్కడ నిషేధిస్తే ఆ రసాయనం లోకంలోంచే పోతుందనీ అనుకోవద్దు. ఇటలీలోని వెనెటో ప్రాంతంలో లక్షల మంది తాగునీటిని పాడుచేసిన మితెని ఫ్యాక్టరీ 2018లో దివాలా తీసింది. 2025 జూన్‌లో విచెంజా కోర్టు 11 మందిని దోషులుగా తేల్చింది. ఆ ఫ్యాక్టరీ యంత్రాలు మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా లోటే పరశురాంకు చేరాయి. వాళ్ల ప్లేటు శుభ్రంగా ఉండాలి, తయారీ మాత్రం మన పెరట్లో జరగాలి! నిబంధన తప్పని నేను అనడం లేదు. మన దేశంలో రసాయనం తయారుచేసేవాడి దగ్గరే అది మొదలై ఉంటే ఈ ప్రశ్న ఇక్కడ అడగాల్సిన పనే ఉండేది కాదు. 2025 అక్టోబరులో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహారానికి తగిలే వస్తువుల్లో పీఎఫ్ఏఎస్ వాడకాన్ని నిషేధిస్తూ ముసాయిదా అయితే తెచ్చింది. అదైనా డ్రమ్ము మీద వివరాలు రాయించే దాకా వస్తే సంతోషం.

జవాబు 3: మిన్నెసోటాలో ఉత్పత్తుల నిబంధనల విభాగంలో ఉద్యోగం

విశాఖ మిత్రుల ఆవేదన అర్థమైంది గానీ, ఇక్కడ నివసించేవారి వైపు నుంచి ఒక మాట చెప్పాలి. మిన్నెసోటా 2023లో చేసిన చట్టాన్ని అమారా చట్టం అంటారు. 3ఎం వ్యర్థాల కారణంగా నీరు కలుషితమైన ప్రాంతంలో పెరిగి, అరుదైన కాలేయ క్యాన్సర్‌తో పోరాడుతూనే చట్టసభ ముందు మాట్లాడిన అమారా స్ట్రాండె అనే అమ్మాయి 20 ఏళ్లకే కన్నుమూసింది. 2025 జనవరి 1 నుంచి వంట పాత్రలు, తివాచీలు, సౌందర్య సాధనాల వంటి 11 రకాల వస్తువులకు ఆ చట్టం వర్తిస్తోంది. వంట పాత్రల తయారీదారుల సంఘం దాని మీద కోర్టుకు కూడా వెళ్లింది. ఆహార ప్యాకేజింగ్‌కు మాత్రం అంతకు ముందే, 2024 జనవరి 1 నుంచి వేరే నిషేధం ఉంది.

ప్రశ్న అడిగినవారు గమనించవలసింది ఏమిటంటే, మిన్నెసోటా చట్టం చూసేది ఉద్దేశపూర్వకంగా కలిపారా లేదా అని, యూరప్ చట్టం చూసేది తుది వస్తువులో ఎంత ఉందో అని. కాలిఫోర్నియా ఈ రెండింటినీ చూస్తుంది. అక్కడ హద్దు 100 పీపీఎం ఆర్గానిక్ ఫ్లోరిన్ (కార్బన్‌తో కలిసి ఉన్న ఫ్లోరిన్). కాబట్టి మీ సరఫరాదారు సంతకంతో కలిపిన పదార్థాల వివరం ఉంటే ఇక్కడికి చాలావరకు సరిపోతుంది, జర్మనీకి అది ఒక్కటే చాలదు. ఒకే పత్రాన్ని ఇద్దరు కొనుగోలుదారులకూ పంపకండి. జర్మనీ పత్రంలో "ఏ రూపంలోనూ లేవు" అన్నచోట "2025/40 నిబంధనలోని పరిమితులకు లోబడి ఉన్నాయి" అని రాయించండి, ఫలానా బ్యాచ్, ఫలానా పరీక్ష నివేదిక అని జతచేయండి. వెనక్కి రప్పించే ఖర్చుకు ఆ బ్యాచ్ విలువ మించకుండా హద్దు పెట్టమని అడగండి. అడిగితే సాధారణంగా బేరానికి వస్తారు, ఎందుకంటే పరీక్షలో నెగ్గిన సరఫరాదారు దొరకడం వాళ్లకూ అంత తేలిక కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అంచు ముక్కలను మళ్లీ కలుపుతున్న మాట నిజమే. ఈ వారమే ఆపిస్తాను. సరఫరాదారును లిఖితపూర్వకంగా అడిగాను, ఇంకా జవాబు లేదు. ఇంకొక్క సందేహం. కొత్త రసాయనంతో చేసిన గిన్నెలో వేడి నూనె పోసి అరగంట ఉంచితే అడుగున మరక కనిపిస్తోంది. పాతదానితో ఎన్నడూ అలా లేదు.

జవాబు 1: మళ్లీ

మరక రావడం ఒక రకంగా మంచి కబురే, రసాయనం నిజంగానే మారిందన్న మాట. ఇలాంటి ప్లేట్లలో నీరు ఇంకకుండా కలిపే ఏకేడీ అనే మైనం వంటి రసాయనం నీటిని ఆపుతుంది గానీ నూనెను ఆపలేదు. పిండి పదార్థం లేదా పీవీఓహెచ్ (నీటిలో కరిగే ఒక ప్లాస్టిక్) ఆధారిత రకాలతో కొంత ఫలితం ఉంటుంది, మోతాదు పెంచాలి, ఆరబెట్టే సమయం కూడా పెరుగుతుంది. వేపుళ్లు పెట్టే గిన్నెలకు పల్చటి పీఎల్ఏ (మొక్కల పిండితో చేసే ప్లాస్టిక్) పొర వేయించడం ఇంకో దారి, ధర మాత్రం పెరుగుతుంది. అన్నం, సలాడ్ పెట్టే ప్లేట్లకు అంత అవసరం లేదు గనుక కొనుగోలుదారు ఏ వంటకానికి వాడతారో ముందే అడిగి, రెండు రకాలుగా ధర చెప్పండి.

తేదీ విషయంలోనూ జాగ్రత్త. లెక్కలోకి వచ్చేది మీరు కంటైనర్ ఎక్కించిన రోజు కాదు, సరుకు అక్కడి మార్కెట్లోకి ప్రవేశించిన రోజు. ఓడకు నెలకు పైగా పడుతుంది కాబట్టి 2026 జులైలో బయల్దేరే సరుకును కొత్త నిబంధన కిందికే లెక్కవేసుకోండి.