పెళ్లిలో వరుసగా నిలబెట్టి తీసే ఫోటోలు ఇంకా అవసరమా?

తిరుచానూరు వాసి:
వచ్చే మాఘమాసంలో మా చెల్లెలి పెళ్లి తిరుపతిలోని ఒక కల్యాణ మండపంలో జరగనుంది. ఫోటోగ్రాఫర్ తాను క్యాండిడ్ చిత్రాలు (పోజు పెట్టించకుండా సహజంగా తీసేవి) మాత్రమే తీస్తానని, బంధువులను నిలబెట్టి తీయడం పాతబడిపోయిందని అంటున్నారు. చెల్లెలికీ అదే ఇష్టం. నాన్నగారు మాత్రం వియ్యాలవారితో, మేనమామలతో నిండుగా ఒక్క ఫోటో కూడా లేని ఆల్బమ్ ఎందుకని అడుగుతున్నారు. రెండింటికీ వేర్వేరు మనుషులను మాట్లాడుకోవాలా?

చిత్తూరు ఫోటోగ్రాఫర్:
మీ నాన్నగారి మాట తీసివేయదగినది కాదు. క్యాండిడ్ చిత్రంలో ముఖం సగమే కనిపించినా భావం పలికితే చాలు. కానీ రేపు పిల్లలు పెద్దమ్మ ఎవరు, ఆమె పక్కన బిడ్డను చంకనెత్తుకున్నది ఎవరు అని అడిగితే, అందరూ కెమెరా వైపు చూస్తున్న ఫోటోయే అక్కరకు వస్తుంది. అది తేలిక పనీ కాదు. మూడు వరుసల్లో వెనుకవారి ముఖాలు కూడా స్పష్టంగా రావాలంటే ఎపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/8 దాకా తగ్గించి, తగ్గిన వెలుతురును ఫ్లాష్‌తో పూడ్చాలి, ఎప్పుడూ ఆ రంధ్రం బాగా తెరిచి ఎఫ్/1.8లో వెనుకభాగం మసకగా తీసేవారు ఇక్కడే తడబడతారు. మీ ఫోటోగ్రాఫర్‌ను తాను తీసిన గ్రూప్ ఫోటోలు చూపించమనండి. బాగుంటే ఒక్కరే చాలు.

చంద్రగిరి పెద్దాయన:
పోజు పెట్టించడం వట్టి చాదస్తం కాదు. 120 అనే వెడల్పాటి ఫిల్ము రోల్‌లో చదరపు చిత్రాలు 12, 35 ఎం.ఎం. రోల్‌లో 36 మాత్రమే వచ్చే రోజుల్లో, ఎవరో రెప్ప వేస్తే ఫిల్ము దండుగయ్యేది కాబట్టి అందరినీ కదలకుండా నిలబెట్టేవారు. ఇప్పుడు ఆ పొదుపు అక్కరలేదు గానీ, పురోహితుడు ముహూర్తం దాటుతోందని మొత్తుకుంటున్నా, తాళి పట్టుకున్న వరుణ్ణి ఆపి "ఇటు చూడండి" అనేవారు ఇంకా ఉన్నారు. మూడు ముళ్లు పడేదాకా నోరు మెదపవద్దని ముందే చెప్పండి; నిలబెట్టడమంతా తలంబ్రాల తర్వాతే.

పీలేరు అక్క:
ఇరువైపుల బంధువులనూ ఎరిగిన ఒకరిని జాబితాతో ఫోటోగ్రాఫర్ పక్కన నిలపండి. అవ్వాతాతలను ముందు పిలిచి, వెంటనే భోజనాలకు పంపించండి. మిగిలినవి కొండపైన తీసుకుందామని వాయిదా వేయకండి. శ్రీవారి ఆలయంలోకి కెమెరాను, ఫోన్‌ను అనుమతించరు.

తిరుచానూరు వాసి:
అడిగితే ఒక్క గ్రూప్ ఫోటో పంపారు. వెనుక వరుస అంతా మసకే. వేదిక మీది ఫోటోలకు ఊళ్లోని స్టూడియో వారిని వేరుగా మాట్లాడుకుంటాము. జాబితా పని మా మేనత్తకు అప్పగిస్తున్నాము.