దసరాకి ఆస్ట్రేలియా: అమ్మ, పిల్లలతో రెండు వారాల్లో ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

పటమట_లంక

అందరికీ నమస్తే. మాది విజయవాడ. ఈ దసరాకి ఆస్ట్రేలియా అని ఇంట్లో తీర్మానం అయిపోయింది. నేను, మా ఆవిడ, క్రికెట్ పిచ్చి ఉన్న పెద్దోడు, ఐదేళ్ల పాప, మా అమ్మ. మూలా నక్షత్రం రోజు కొండ మీద సరస్వతీదేవి అలంకారం చూడకుండా కదిలేది లేదని అమ్మ ముందే తేల్చి చెప్పింది కాబట్టి ఆ తర్వాతే బయల్దేరాలి, పిల్లల స్కూల్లో ఓ వారం అదనంగా సెలవు అడుక్కోవాలి.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ట్రావెల్స్ అతను సిడ్నీ, గోల్డ్‌కోస్ట్, కెయిన్స్, ఉలూరు, మెల్‌బోర్న్, పెర్త్ అన్నీ రెండు వారాల్లో కూర్చి ప్లాన్ ఇచ్చాడు. కాగితం మీద బాగానే ఉంది కానీ చూస్తుంటేనే నాకు ఆయాసం వస్తోంది. వీటిలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? కారు అద్దెకి తీసుకుని నేనే నడపొచ్చా? అమ్మ శాకాహారి, బయటి తిండి ఒక పూట కంటే ఎక్కువ తినదు. పచ్చళ్లు తీసుకెళ్లనిస్తారా?

బ్రాడీపేట_కుర్రోడు

అన్నా, ముందు ఆ కాగితం చింపెయ్. నేను గుంటూరు వాడినే, ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉంటున్నా. సిడ్నీ నుంచి పెర్త్‌కి విమానంలోనే ఐదు గంటలు, గన్నవరం నుంచి ఢిల్లీ వెళ్లే టైముకి రెట్టింపు. పెర్త్ తీసెయ్. గోల్డ్‌కోస్ట్‌లో ఎక్కువగా ఉండేవి థీమ్ పార్కులు, బీచిలు, వాటికోసం ఇంత దూరం రానక్కర్లేదు. ఉలూరు నిజంగా చూడాల్సిన రాయే, 348 మీటర్ల ఎత్తు, కానీ ఎక్కనివ్వరు. అక్కడి అనంగు ప్రజలకి అది పవిత్ర స్థలం, 2019 అక్టోబర్ నుంచి ఎక్కడం పూర్తిగా నిషేధం. ఎడారి మధ్యలో ఉంటుంది, రూములు బాగా ఖరీదు, అమ్మగారితో అయితే నేను వద్దనే అంటాను.

సిడ్నీలో ఐదు రోజులు, మెల్‌బోర్న్‌లో ఐదారు రోజులు పెట్టుకోండి, సరిపోతుంది. ఇక్కడ అక్టోబర్ అంటే వసంతం, ఎండ ఉక్కపోత ఉండదు, కానీ మెల్‌బోర్న్‌లో పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన, సాయంత్రం చలిగాలి, అన్నీ ఒకే రోజు చూపిస్తుంది. స్వెటర్లు లేకుండా రావద్దు.

మీవాడిని ఎంసీజీ (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) టూర్‌కి తీసుకెళ్లండి, 2022 టీ20 ప్రపంచకప్‌లో పాకిస్తాన్ మీద కోహ్లి 82 నాటౌట్ కొట్టిన గ్రౌండ్. సిటీ మధ్యలో ట్రామ్ ఫ్రీ, ఆ హద్దు దాటితే మైకీ అనే ట్రావెల్ కార్డు ఉండాలి. సముద్రం ఒడ్డునే సాగే గ్రేట్ ఓషన్ రోడ్డు మాత్రం ఒక్క రోజులో వెళ్లి రావద్దు. అందరూ అలాగే వెళ్తారు, పొద్దున్నే బయల్దేరి సముద్రంలో నిలబడ్డ ట్వెల్వ్ అపోస్టల్స్ రాళ్ల దగ్గర నాలుగు ఫొటోలు దిగి అర్ధరాత్రి ఇంటికి చేరతారు. ఆ రోడ్డు మీదే ఉన్న అపోలో బే అనే ఊళ్లో ఒక రాత్రి ఉండండి. దారిలో కెన్నెట్ రివర్ అని చిన్న ఊరు, అక్కడ చెట్ల మీదే కోవాలలు నిద్రపోతుంటాయి, టికెట్టూ లేదు, జూ కూడా కాదు.

అరండల్‌పేట_అక్క

తమ్ముడు చెప్పినదంతా కరెక్టే. అత్తగారితో వెళ్లొచ్చినదాన్ని కాబట్టి తిండి సంగతి నేను చెప్తాను.

పచ్చళ్ల గురించి: విమానంలో నింపే కార్డులో "ఆహార పదార్థాలు ఉన్నాయా" అన్న చోట అవును అని టిక్ పెట్టండి, ఇంక టెన్షన్ అక్కర్లేదు. చెప్పి తెచ్చినదాన్ని అక్కడి ఎయిర్‌పోర్టులో తనిఖీ వాళ్లు చూస్తారు, పనికిరాకపోతే తీసి పారేస్తారు, అంతే. దాచి దొరికితేనే పెద్ద ఫైన్. మా పెట్టె తెరిచి తనిఖీ చేసే అమ్మాయి సీలు వేసిన ఆవకాయ, కారప్పొడి ఒక్కొక్కటే పైకెత్తి చూసి మళ్లీ పెట్టెలో పెట్టేసింది, మా అత్తగారు చీరల మధ్య పెట్టిన కరివేపాకు కవరు మాత్రం నవ్వుతూనే చెత్తడబ్బాలో వేసేసింది. పాలకోవా లాంటి పాల స్వీట్లు, పండ్లు, విత్తనాలు కూడా వద్దు. మీ అమ్మగారు దర్శనం చేసుకుని నేరుగా వస్తారు కదా, ప్రసాదం పూలు, కొబ్బరి చిప్ప ఇంట్లోనే పెట్టేసి రమ్మనండి, కుంకుమ పొట్లం చాలు.

హోటల్ కాకుండా వంటిల్లు ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకోండి. కానీ పోపు పెట్టే ముందు కిటికీ తీసి, పొయ్యి మీద ఫ్యాన్ వేయండి. నూనెలో ఎండుమిరపకాయ పడగానే స్మోక్ అలారం కొడుతుంది, కొన్ని బిల్డింగుల్లో అయితే నేరుగా ఫైర్ ఇంజన్ వస్తుంది, ఆ బిల్లు మనకే. గుంటూరు మిరపకాయ అని గొప్పకి పోకండి అక్కడ.

సిడ్నీలో అమ్మగారికి బాగా నచ్చేది ఫెర్రీ. సర్క్యులర్ కీ నుంచి మాన్లీకి అరగంట. ఒపెరా హౌస్, హార్బర్ బ్రిడ్జి రెండూ నీళ్ల మీద నుంచే కనిపిస్తాయి, వేరే క్రూజ్‌కి డబ్బులు పెట్టనవసరం లేదు. పెద్దవాళ్లకి మన బ్యాంకు కార్డే ట్యాప్ చేయొచ్చు, పిల్లలకి మాత్రం చైల్డ్ ఓపల్ కార్డు తీసుకోండి, లేకపోతే పెద్దల చార్జీ పడుతుంది. దోసె, ఇడ్లీ కోసం సిడ్నీలోనే హారిస్ పార్క్ అనే ఏరియాకి వెళ్లండి. సిడ్నీకి దక్షిణాన హెలెన్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, సగం రోజు కేటాయించండి. బీచిలో ఎరుపు, పసుపు జెండాల మధ్యే దిగాలి, సూర్యలంకలో దిగినట్టు ఎక్కడపడితే అక్కడ దిగితే కుదరదు.

గన్నవరం_ఎయిర్‌పోర్ట్_రోడ్

కెయిన్స్ ఎవరూ పట్టించుకోలేదేంటి? అంతదూరం వెళ్లి గ్రేట్ బ్యారియర్ రీఫ్ చూడకుండా వస్తారా? 2,300 కిలోమీటర్ల పొడవున్న పగడపు దిబ్బలు అవి. సిటీలో బిల్డింగులు దుబాయ్‌లో కూడా ఉంటాయి. ఈత రాకపోయినా పర్లేదు, సముద్రం మధ్యలో తేలే ప్లాట్‌ఫామ్‌కి పడవలో తీసుకెళ్తారు, అక్కడ నీళ్ల అడుగున అద్దాల గదిలా ఉండే పడవ ఎక్కి కూర్చుంటే చేపలూ పగడాలూ పక్కనే కనిపిస్తాయి, అమ్మగారు చీర తడవకుండా చూడొచ్చు. పైగా అక్టోబర్ మంచి టైము, నవంబర్ నుంచి అక్కడ విషపు జెల్లీచేపల సీజన్ మొదలవుతుంది. మెల్‌బోర్న్ తగ్గించి మూడు రోజులు కెయిన్స్‌లో పెట్టండి.

బ్రాడీపేట_కుర్రోడు

రీఫ్ గొప్పదే బ్రో, కాదనను. కానీ ఐదుగురికి సిడ్నీ నుంచి మూడు గంటల ఫ్లైటు, పడవ టికెట్లు కలిపితే బడ్జెట్ ఎగిరిపోతుంది, పైగా పడవ ఊగితే పెద్దావిడకి వాంతులు. డబ్బుకి ఇబ్బంది లేకపోతే వెళ్లండి.

పటమట_లంక

అందరికీ చాలా థాంక్స్. పెర్త్, ఉలూరు, గోల్డ్‌కోస్ట్ అవుట్. కెయిన్స్ గురించి ఇంట్లో ఓటింగ్ పెట్టాలి, పాపకి నీలం రంగు చేపలు కావాలట. పెంగ్విన్లు కూడా అంటోంది, అవి నిజంగా ఉన్నాయా? డ్రైవింగ్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

బ్రాడీపేట_కుర్రోడు

ఉన్నాయి అన్నా, మెల్‌బోర్న్ నుంచి రెండు గంటల దూరంలో ఫిలిప్ ఐలాండ్. జానెడున్నర కూడా ఉండవు, పొద్దుగూకాక సముద్రంలోంచి గుంపులుగా వచ్చి ఇసుక మీద ఆగి, అటూ ఇటూ చూసుకుని, ఒకటి కదిలితే అన్నీ కదిలి గూళ్లలోకి పోతాయి. ఫొటోలు తీయనివ్వరు, ఫోన్ జేబులోనే. గాలి ఎముకల్లోకి దిగుతుంది, అమ్మగారికి శాలువా, చెవులకి టోపీ తప్పనిసరి. దానికి మాత్రం బస్సు టూర్ బుక్ చేసుకో, తిరుగు ప్రయాణంలో చీకట్లో రోడ్డు మీదికి కంగారూలు, వాటిలాగే ఉండే చిన్న వాలబీలు వచ్చేస్తుంటాయి.

మిగతా చోట్ల నడపొచ్చు, మనలాగే ఎడమవైపు. ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సు చెల్లుతుంది, అద్దె కంపెనీ అడగొచ్చు కాబట్టి ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తీసుకుని రా. వెనక సీట్లో వాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి, ఫోన్ చేతిలో ఉంటే కెమెరాకే దొరికిపోతావు. ఏడేళ్ల లోపు పిల్లలకి చైల్డ్ సీటు చట్టం, పాపది కారు బుక్ చేసేటప్పుడే అడుగు.

అరండల్‌పేట_అక్క

వీసా ఇప్పుడే మొదలుపెట్టండి. టూరిస్టులది 600 సబ్‌క్లాస్ వీసా, అంతా ఆన్‌లైనే, పాపతో సహా ఎవరిది వాళ్లకి విడిగా అప్లికేషన్. బయోమెట్రిక్స్‌కి హైదరాబాద్ వెళ్లాల్సి వస్తుంది, అమ్మగారిని ఎండల్లో తిప్పకుండా ముందే స్లాట్ చూసుకోండి. వీసాలు చేతికి వచ్చేదాకా ఫ్లైట్ టికెట్లకి డబ్బు కట్టకండి.