పాదరసానికి కార్బన్ చల్లాలా, ఎఫ్‌జీడీ చాలదా? (విశాఖ బొగ్గు ప్లాంట్లు)

పరవాడగాలి:
పొగలో పాదరసం పట్టాలంటే యాక్టివేటెడ్ కార్బన్ (సన్నని రంధ్రాలున్న కార్బన్ పొడి) చల్లాల్సిందేనని కొందరు, ఈఎస్పీ (పొగలో బూడిదను కరెంటుతో ప్లేట్లకు పట్టించే యంత్రం), ఎఫ్‌జీడీ (పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను కడిగే స్క్రబ్బర్) ఉంటే అదే దిగిపోతుందని కొందరు అంటున్నారు. కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరు నోటిఫికేషన్‌లో పాదరసం పరిమితి ఘనమీటరుకు 0.03 మిల్లీగ్రాములు, అంటే 30 మైక్రోగ్రాములు. మీరేమంటారు?

బాయిలర్‌బాబు:
ముందు లెక్క చూడండి. 500 మెగావాట్ల యూనిట్ గంటకు 340 టన్నుల బొగ్గు తింటుందనుకుందాం. టన్నుకు 0.15 గ్రాముల పాదరసం వేసుకుంటే గంటకు 51 గ్రాములు. పొగ సుమారు 20 లక్షల నార్మల్ ఘనమీటర్లు. భాగిస్తే 25 మైక్రోగ్రాములు. ఏమీ పెట్టకుండానే పాస్! దీనికి గంటకు నూటయాభై కిలోల కార్బన్ తగలెయ్యడం దేనికండీ?

కాలోమెల్:
పరిమితి వదులుగా ఉంది కాబట్టి పాస్. అమెరికాలో బిటుమినస్ బొగ్గు ప్లాంట్లకు ఇది దాదాపు 2 మైక్రోగ్రాముల లోపే. పైగా బొగ్గు రైలు లోడు లోడుకీ మారుతుంది. టన్నుకు 0.3 గ్రాములున్న బొగ్గు వచ్చిన రోజున మీ లెక్కే 51 చూపిస్తుంది.

ఇక ఎఫ్‌జీడీ సంగతి. కొలిమి వేడికి పాదరసమంతా మూలక రూపంలో (వేరే దేనితోనూ కలవని లోహంగా) ఆవిరవుతుంది. అది నీళ్లలో కరగదు. పొగ చల్లబడేటప్పుడు క్లోరిన్ తగిలి ఆక్సీకరణ చెందిన భాగమే స్క్రబ్బర్లో దిగుతుంది. మన బొగ్గులో క్లోరిన్ తక్కువ. దిగిందైనా నిలుస్తుందా అంటే, స్లర్రీలోని (స్క్రబ్బర్‌లో తిరిగే సున్నపురాయి నీటిలోని) సల్ఫైట్ దాన్ని మళ్లీ మూలక రూపానికి తెచ్చి చిమ్నీలోకి తోసేస్తుంది. ఔట్‌లెట్లో మూలక పాదరసం ఇన్‌లెట్ కంటే ఎక్కువ కనిపిస్తే మీటరు చెడిందనుకోకండి, ఓఆర్పీ (స్లర్రీ ఆక్సీకరణ స్థాయి చూపే రీడింగ్), స్లర్రీలోకి ఊదే ఆక్సిడేషన్ గాలి చూడండి. సోడియం హైడ్రోసల్ఫైడ్ వేస్తే సల్ఫైడ్‌గా దిగుతుంది. కానీ స్లర్రీ ఆమ్లం వైపు ఉంటుంది కాబట్టి, డోసు మీరితే హైడ్రోజన్ సల్ఫైడ్ లేస్తుంది. ఆర్గానోసల్ఫైడ్ ఖరీదే గానీ ఆ బెడద తక్కువ.

బూడిదఇటుక:
కార్బన్ కలిసిన ఫ్లై యాష్ ఎవరు కొంటారు? సిమెంటువాళ్లు ఎల్‌ఓఐ (కాల్చితే తగ్గే బరువు, అంటే బూడిదలో మిగిలిన కార్బన్ లెక్క) 5 శాతం దాటితే లారీ తిప్పి పంపిస్తారు.

కాలోమెల్:
ఆ భయం తక్కువ బూడిద బొగ్గున్న దేశాలది. మనకు 38 శాతం బూడిద, అందులో 80 శాతం ఫ్లై యాష్ అనుకుంటే గంటకు నూరు టన్నుల పైమాటే. అందులో 150 కిలోలంటే 0.15 శాతం. ఈ కార్బన్ కాంక్రీటులో ఎయిర్ ఎంట్రైనింగ్ (చిన్న గాలి బుడగలు నింపే) రసాయనాన్ని పీల్చేస్తుందన్నది నిజమే, కానీ అది గడ్డకట్టే చలి ఊళ్ల అవసరం. విశాఖలో ఎవరు వేస్తారు?

అసలు అడగాల్సింది బూడిద ఎటు పోతుందని. నేరుగా పీపీసీలో (ఫ్లై యాష్ కలిపే సిమెంటులో) కలిపితే, నీటితో క్యూర్ చేసే ఇటుకల్లో వేస్తే పాదరసం చాలావరకు అక్కడే ఉంటుంది. ముడి మిశ్రమంతో సిమెంటు కిల్న్‌లోకి పంపినా, మట్టి ఇటుకలతో బట్టీలో కాల్చినా మళ్లీ గాలిలోకే.

ఈఎస్పీశర్మ:
కాగితం మీద బాగుంది. కార్బన్ ఇంజెక్షన్ ఎయిర్ ప్రీహీటర్ (పొగ వేడితో బాయిలర్ గాలిని వేడిచేసేది) తర్వాత, ఈఎస్పీ ముందు. అక్కడ 130–150 డిగ్రీలుంటేనే పట్టు, ఎక్కువైతే పట్టింది వదిలేస్తుంది. మన బూడిద రెసిస్టివిటీ (విద్యుత్ నిరోధం) తగ్గించడానికి పొగలో ఎస్‌ఓ3 (సల్ఫర్ ట్రైఆక్సైడ్) కలిపే చోట ఆ ఎస్‌ఓ3 కార్బన్ రంధ్రాల్ని ముందే ఆక్రమిస్తుంది, డోసు పెంచాల్సి వస్తుంది. వీలైతే అమ్మోనియాకి మారండి. కార్బన్‌కి విద్యుత్ నిరోధం తక్కువ, కాబట్టి ప్లేటు మీద నిలవకుండా రాపింగ్‌కి (ప్లేట్లను తట్టి దులిపేటప్పుడు) లేచిపోతుంది, చివరి ఫీల్డు బలహీనంగా ఉంటే చిమ్నీదాకా వెళ్తుంది. హాపర్ (కింద బూడిద పడే గరాటు) నిండా వదిలేస్తే లోపల నిప్పు రాజుకుంటుంది. సముద్రపు గాలికి సైలోలో కార్బన్ గడ్డకట్టి ఎడక్టర్ (పొడిని గాలిలోకి లాగే భాగం) మూసుకుపోవడం వేరే తలనొప్పి, పొడి గాలి పెట్టకపోతే లాన్సులు (పొగలోకి ఊదే గొట్టాలు) సగం ఖాళీగా ఊదుతుంటాయి.

బాయిలర్‌బాబు:
మరి బొగ్గు మీద కాల్షియం బ్రోమైడ్ చల్లితే? ఫీడరు దగ్గర ఓ పంపు, నాజిల్ చాలు. మూలక పాదరసం ఆక్సీకరణ చెందితే ఎఫ్‌జీడీ పట్టేస్తుంది కదా.

ఈఎస్పీశర్మ:
ఎఫ్‌జీడీ ఉన్న యూనిట్‌కి చవకైన దారి అదే, ఒప్పుకుంటాను. ప్రీహీటర్ చల్లని చివర తుప్పు మాత్రం చూసుకోవాలి. వ్యర్థజలంలో బ్రోమైడ్ నదిలోకి పోతే కింది ఊళ్ల క్లోరినేషన్‌కి చిక్కు. సముద్రంలో ఎటూ లీటరుకు 65 మిల్లీగ్రాములుంటుంది కాబట్టి ఇక్కడ ఆ గొడవ లేదు. సముద్రపు నీటి ఎఫ్‌జీడీ అయితే మాత్రం వద్దు, పట్టిందంతా నేరుగా చేపలవైపే.

పరవాడగాలి:
పట్టిన పాదరసాన్ని తిరిగి తీయలేమా? జింక్ స్మెల్టర్లలో తీస్తారట.

కాలోమెల్:
అక్కడ గాఢత ఎక్కువ. వెట్ ఈఎస్పీ తర్వాత, యాసిడ్ ప్లాంట్ డ్రైయింగ్ టవర్ ముందు మెర్క్యూరిక్ క్లోరైడ్ ద్రావణంతో కడిగితే కాలోమెల్‌గా (మెర్క్యురస్ క్లోరైడ్‌గా) దిగుతుంది. కొంత క్లోరినేట్ చేసి మళ్లీ ద్రావణానికి వాడతారు. బొగ్గు బూడిదలో గ్రాములు టన్నుల్లో కలిసిపోతాయి, తీసే ఖర్చు దండగ. తీసినా మినమాటా ఒప్పందం (పాదరసం వాడకాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) తర్వాత కొనేవాళ్లు తక్కువ, గంధకంతో సల్ఫైడ్ చేసి పూడ్చాల్సిందే.

కొనేముందు ఈఎస్పీకి అటూ ఇటూ జంట సార్బెంట్ ట్రాపులు (పొగ నమూనాలోని పాదరసాన్ని పట్టే చిన్న గొట్టాలు) పెట్టి, ఆక్సీకరణ చెందినదెంత, మూలకమెంత అన్నది మూడు నాలుగు రకాల బొగ్గుకు విడివిడిగా కొలిపించండి. ప్రోబ్ 120 డిగ్రీల పైన ఉండాలి, రెండు ట్రాపుల మధ్య తేడా 10 శాతం దాటితే ఆ రన్ కొట్టేయండి. మూలకం సగానికి మించితే ఎఫ్‌జీడీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

బాయిలర్‌బాబు:
కొలిపించడానికి అభ్యంతరం లేదు. 30 దాటనంతవరకు కార్బన్ సైలోకి మాత్రం నేను ఓటెయ్యను.