లండన్ ఫ్లాట్లో గోడకు నల్లబూజు: కోత ఎవరి జేబుకు?

తడిగోడ (ప్రశ్న):
బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని అగ్రిమెంటులో రాస్తారు. లోపల ఆరేస్తే "బూజు మీవల్లే, పైగా మీ వంటలు" అంటూ ఏజెంట్లు డిపాజిట్‌కు ఎసరు పెడతారు. న్యాయంగా ఇది ఎవరి నెత్తిన పడాలి?

టూటింగ్ బాబాయ్:
ఏజెంటు మాట పూర్తిగా కొట్టిపారేయలేం. మెషిన్ నిండా ఉతికిన బట్టలు గదిలో ఆరితే దాదాపు 2 లీటర్ల నీళ్లు గాల్లో కలుస్తాయి. ఇడ్లీ ఆవిరి, కుక్కర్ కూతలు దానికి తోడు. చలేస్తోందని కిటికీ ఫ్రేమ్ పైనుండే సన్నటి గాలిపట్టీ మూసేస్తారు, బిల్లుకు భయపడి హీటింగ్ పొద్దునో గంట, రాత్రో గంట వేస్తారు. గోడ వేడెక్కనే వేడెక్కదు. ఆవిరంతా పోయి బయటి గోడ మూలన, బీరువా వెనక నీరవుతుంది. ఇందులో ఓనర్ చేసిందేముంది?

కొలతల కామేశం:
బాబాయ్, మనుషులున్న ఇంట్లో ఆవిరి పుట్టకుండా ఉంటుందా? అది బయటికి పోయే దారి ఉందా అని చూడాలి. స్నానాలగది ఫ్యాన్ వేసి జాలీకి ఒక పొర టిష్యూ ఆనించండి. అతుక్కుని నిలవకపోతే ఆ ఫ్యాన్ మోతకే తప్ప పనికి రాదు. కొత్తగా కట్టే ఇళ్లకు నిబంధన సెకనుకు 15 లీటర్ల గాలి బయటికి లాగాలని, వంటింట్లో పొయ్యి పైనుండే హుడ్‌కు 30. అన్నట్టు ఆ హుడ్‌కు బయటికి గొట్టం ఉందో లేదో కూడా చూడండి. చాలా ఫ్లాట్లలో ఉండేది బొగ్గు ఫిల్టర్ రకం. పోపు వాసన కాస్త తగ్గించి, ఆవిరిని మళ్లీ మన మొహానే వదులుతుంది.

హౌన్స్‌లో వదిన:
ఓనర్లు, అద్దెదారుల మీది 1985 చట్టం కింద మరమ్మతు బాధ్యత ఒక్కటే ఉన్నన్నాళ్లూ "ఏదీ పాడవలేదుగా, ఇది ఉత్త తేమే" అని ఓనర్లు తప్పించుకునేవారు. అద్దె ఇళ్ల నివాసయోగ్యత మీద వచ్చిన 2018 చట్టంతో చెమ్మ, గాలి ఆడకపోవడం కూడా ఇల్లు నివాసయోగ్యమా కాదా అన్న లెక్కలోకి వచ్చాయి. చెమ్మ, బూజులను ఇన్నాళ్లలోపు సరిచేయాలనే అవాబ్ చట్టం గడువులు చూపించి మాత్రం వాదించకండి, 2025 అక్టోబరులో అది అమలైంది కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ ఇళ్లకే. డిపాజిట్ గొడవైతే దాన్ని భద్రపరిచే డిపాజిట్ స్కీమువాళ్ల ఉచిత విచారణ ఉంది, అక్కడ కోతకు రుజువు చూపాల్సింది ఓనరే. కానీ బూజు కనబడ్డ రోజే ఫోటోతో ఈమెయిల్ పెట్టి ఉండాలి. ఖాళీ చేసేనాడు చెబితే "ముందే ఎందుకు చెప్పలేదు" అంటారు, అదీ సబబే.

టూటింగ్ బాబాయ్:
ఫ్యాన్ సంగతి ఒప్పుకుంటా. అయినా ముందు మచ్చ చూసి మాట్లాడాలి. వాన పడ్డాక పెరిగే మచ్చ బయటి నుంచి కారేది. నేల నుంచి మీటరు ఎత్తులోపు తెల్లటి ఉప్పు గీతతో ఆగితే పునాది చెమ్మ. ఈ రెండూ ఓనర్‌వే, వాదనే లేదు. మూలల్లో నల్లచుక్కలు, పొద్దున్నే అద్దాలకు నీళ్లు ఉంటే అది మన ఆవిరే.

కొలతల కామేశం:
"మన ఆవిరే" అని మీరే రాసిస్తే ఏజెంటుకు ఇంకేం కావాలి! చిన్న తేమమీటరు కొని, ఫ్యాన్ వేసినప్పుడూ ఆపినప్పుడూ అంకెలు ఫోటో తీసి పెట్టుకోండి. 60 శాతం దాటి దిగకపోతే గాల్లో తేమ లాగే డీహ్యూమిడిఫయర్ మెషిన్ తప్పదు. తలుపు, కిటికీ మూసి బట్టల పక్కనే పెట్టాలి. 200 వాట్లది 6 గంటలు నడిస్తే 1.2 యూనిట్లు, బట్టలు వేడిగాలితో ఆరబెట్టే మామూలు టంబుల్ డ్రయ్యర్ కన్నా చౌక. డబ్బా మీది "రోజుకు 12 లీటర్లు" నమ్మకండి, అది 30 డిగ్రీల వేడిలో కొలిచింది. హీటింగ్ లేని గదికైతే ఫ్రిజ్‌లా పనిచేసే కంప్రెసర్ రకం వద్దు, తేమ పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం తీసుకోండి. కరెంటు ఎక్కువ తింటుంది గానీ చలిలోనూ లాగుతుంది. ఫ్యాన్ చచ్చిన ఇంట్లో ఆ మెషిన్ ఖర్చు ఓనరే పెట్టుకోవాలి, నేనైతే అదే అంటాను.