సమస్యాపూరణం: “తీపి లేని యన్నమ్ములోఁ దీపి పుట్టె”

నిర్వాహకుడు (బరంపురం): ఈ వారం తేటగీతి పాదం ఇది. జీర్ణరసాల పనిని ఆధారం చేసుకొని పూరించండి. యతి తప్పినా, శాస్త్రం తప్పినా చెప్పక మానను.

పర్లాకిమిడి మాస్టారి పూరణ:

నోట నన్నమ్ము మెత్తఁగా నూరుకొనఁగ
లాలలో నున్న యెంజైము లాఘవముగ
పిండి గొలుసులఁ దెగఁగోసి పెట్టుచుండ
తీపి లేని యన్నమ్ములోఁ దీపి పుట్టె.

నిర్వాహకుడు: మాస్టారూ, “తెగఁగోసి” అన్న మాట సరిగ్గా పడింది. లాలాజలంలోని అమైలేజు అనే ఎంజైము పిండిపదార్థపు గొలుసును కొసనుండి కాక నడుమ ఎక్కడ వీలైతే అక్కడ తెంపుతూ, ఒక్కొక్క కోతకు ఒక్కొక్క నీటి అణువును ఖర్చు చేస్తూ, చివరకు మాల్టోజు అనే చక్కెరను మిగులుస్తుంది. పద్యంలో నీటి ప్రస్తావన లేకపోవడం ఒక్కటే లోటు. మీ పద్యం చదివాక నిన్న మధ్యాహ్నం కూర కలపకుండా ఉత్త అన్నం ముద్దను మింగకుండా నమలుతూ కూర్చున్నాను. అది పాలలా పలచబడ్డాక నాలుక అంచున సన్నని తీపి తగిలింది. అంతకుముందు పఖాళతో (నీళ్లలో పులియబెట్టిన చద్దన్నంతో) ప్రయత్నిస్తే పులుపు అన్నింటినీ కప్పేసింది.

గుణుపురం తమ్ముడి పూరణ:

జఠర మందున్న యామ్లమ్ము చక్కఁగాను
మెతుకు లన్నిటిఁ గరఁగించి పిండి విఱువ
నరగిపోయిన యన్నమ్మె యమృత మయ్యె
తీపి లేని యన్నమ్ములోఁ దీపి పుట్టె.

నిర్వాహకుడు: రెండవ పాదంలో “మె”కు “పి”తో యతి చెల్లదు, “మెత్తఁజేయ” అంటే కుదురుతుంది. భావాన్ని మాత్రం అంత సులువుగా దిద్దలేము తమ్ముడూ. జఠరంలోని పెప్సిను మాంసకృత్తులను విడగొట్టేదే కాని పిండిని ముట్టదు. పైగా అక్కడి ఆమ్లం తగలగానే నోటి అమైలేజు పని ఆగిపోతుంది. మిగిలిన పిండిని చిన్నప్రేగులో క్లోమం పంపిన అమైలేజు అందుకొని మాల్టోజుగా తెంపుతుంది, ప్రేగు గోడనున్న మాల్టేజు ఆ మాల్టోజును గ్లూకోజు చేస్తుంది. అయినా నాలుక దాటాక పుట్టిన తీపిని ఎవరు చవిచూశారని “పుట్టె” అంటాము?

రాయగడ అక్కయ్య గారి పూరణ:

మొలక లెత్తిన చోళ్లను ముందు వేఁచి
పిండి నంబలిగాఁ గాచి పెట్టినంత
చక్కెరయె లేక యున్నను జాలు ననఁగ
తీపి లేని యన్నమ్ములోఁ దీపి పుట్టె.

మాస్టారు: అంబలి అన్నమెలా అవుతుందని ఎవరైనా అడుగుతారేమో కాని, తినేదంతా అన్నమే కనుక నాకు అభ్యంతరం లేదు. మొలకెత్తిన చోళ్లలో (రాగులలో) కూడా పిండిని తెంపే ఎంజైము ఉంటుంది. 1833లో పాయెన్, పెర్సో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మొదట వేరుచేసిన ఎంజైము కూడా మొలకెత్తిన బార్లీలోనిదే. అయితే అక్కయ్య గారూ, బాగా వేయిస్తే ఆ ఎంజైము వేడికి చెడిపోతుంది. “ముందు దంచి” అనండి. గణమూ యతీ రెండూ నిలుస్తాయి.

రాయగడ అక్కయ్య: సవరించుకొన్నాను మాస్టారూ. ఎండబెట్టి దంచిన పిండితో మా అత్తగారు కాచే అంబలి గ్లాసులో జారుతుంటే, ఘుమఘుమ కోసం నేను ఎర్రగా వేయించిన పిండితో కాచినది గరిటెకు పట్టుకొని ఎందుకు వదలదో ఇన్నాళ్లకు తెలిసింది.