‘నతూరా మోర్తా’ను తెలుగులో ఏమందాం?

పూలూ పళ్ళూ గిన్నెలూ పేర్చి, చూసి వేసే బొమ్మను ఇటాలియన్‌లో ‘నతూరా మోర్తా’ అంటారు. మాటకు మాట పెడితే ‘చచ్చిన ప్రకృతి’. నిన్న ఒకరు దాన్ని ‘నిర్జీవ చిత్రం’ అని తెలుగు చేసి, సరేనా అని అడిగారు. నాకు మింగుడు పడలేదు.

ఫ్లారెన్స్ చిత్రకారుడు బార్తొలొమేయో బింబీ (1648–1729) బొమ్మలు చూడండి. టస్కనీ ఏలిక మూడో కోసిమో దె మెదిచీ తన తోటల్లో కాసే రకాలను అతని చేత వరసగా వేయించాడు. 1699 నాటి బేరిపళ్ళ చిత్రంలో వందకు పైగా రకాలున్నాయి. కుప్పలుగా పోసి, రకానికో అంకె వేసి, అడుగున పలకలాంటి చోట అంకెల వారీగా పేర్లు రాశాడు. ఆ పేర్ల పట్టీని చూస్తే నాకు కళ్ళు చెమరుస్తాయి. పండుకు ఇంత గౌరవమా!

ఇక బేరికాయ సంగతి. అది చెట్టున సరిగా పండదు. ముదిరాక కోసి ఉంచితేనే మెత్తబడి తీపెక్కుతుంది, అచ్చం మన మామిడికాయ గడ్డిలో మాగినట్టు. కోసిన కాయ ఊపిరి తీస్తూనే ఉంటుంది. దోర, మాగడం, మగ్గడం, కమలడం అంటూ కోశాక జరిగేదానికి ఇన్ని మాటలున్న మనం, ఆ కాయను ‘నిర్జీవం’ అనడమేమిటి?

అసలు బింబీ నాటికి ఇటాలియన్‌లో ఆ పేరు వాడుకలో లేదు. ఫ్రెంచి ‘నాత్యూర్ మోర్త్’ను చూసి తర్వాత చేసుకున్నది. డచ్చి వాళ్ళ ‘స్టిల్‌లేవన్’ 17వ శతాబ్దపు మాట. ‘లేవన్’ అంటే బతుకే గానీ, చిత్రకారుల నోట ఎదురుగా పెట్టుకుని చూసి వేసేది అని. అంటే కదలని నమూనా. ఇంగ్లీషు ‘స్టిల్ లైఫ్’ అక్కడినుంచే వచ్చింది.

మన ‘నిశ్చల చిత్రం’ దీనికి దగ్గరే, కానీ కదలనిది వస్తువు. బొమ్మలన్నీ ఎలాగూ కదలవు కదా! విశేషణం తప్పు చోట కూర్చుంది. నేనైతే ‘అమరిక చిత్రం’ అంటాను. పేర్చడమే అక్కడ సగం పని.

వ్యాఖ్య: పళ్ళ సంగతి ఒప్పుకుంటానండీ. మరి పూలో? కోసిన పువ్వు వాడిపోవడమేగా? అదీగాక ‘అమరిక’ అంటే బొమ్మల కొలువు గుర్తొస్తోంది.

జవాబు: కొలువు గుర్తొస్తే మంచిదేనండీ, అక్కడా ఏది ముందు, ఏది వెనక అన్నదే లెక్క. పూల మాటకొస్తే, మధ్యాహ్నం కోసిన మల్లెమొగ్గలు రాత్రికి ఎక్కడ విచ్చుకుంటాయి? మన జడలోనే గదా. నేపుల్స్‌లో ఆంద్రేయా బెల్వెదేరే వేసిన పూలు చూసినా నాకు వాడడం కంటే విచ్చుకోవడమే ముందు కనిపిస్తుంది.

ఫ్లారెన్స్ దగ్గర పోజ్జో అ కయానోలోని మెదిచీల విల్లాలో ఈ బొమ్మలకే ఒక మ్యూజియం ఉంది. బింబీ పళ్ళు అక్కడే చూడొచ్చు. పేరులో ‘నతూరా మోర్తా’ ఉంది. దాన్ని తెలుగులో రాయాల్సొస్తే ‘నిర్జీవ చిత్రాల మ్యూజియం’ అని నా చేయి రాయదు. ‘అమరిక చిత్రాల మ్యూజియం’ అనే రాస్తాను.