‘రియల్ ఏల్’ని తెలుగులో ఏమనాలి?

లీడ్స్ నుంచి:

అడ్మిన్ గారూ, ఇది మందు పోస్టు కాదు, మాట పోస్టు. దయచేసి తీసెయ్యకండి.

సెప్టెంబరు వచ్చిందంటే ఇక్కడ చదువుకోవడానికి మన పిల్లలు దిగుతారు. వాళ్ళలో నలుగురైదుగురు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది: “అన్నా, పబ్బులో ఏం తాగితే బాగుంటుంది?” ప్రతిసారీ నోటితో చెప్పే బదులు తెలుగులో ఒక పేజీ రాసి పెట్టుకుందామని కూర్చున్నాను. మొదటి వాక్యంలోనే బండి ఆగిపోయింది. రియల్ ఏల్‌ని ఏమనాలి?

‘నిజమైన బీరు’ అని రాస్తే, మిగతావి దొంగ బీర్లా అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళ మనసులో ఉన్నదీ దాదాపు అదే లెండి. 1971లో నలుగురు ఇంగ్లిష్ కుర్రాళ్ళు సెలవులకి ఐర్లండ్ వెళ్ళారు. అక్కడ కెర్రీలో ఒక బారులో కూర్చుని, మన దేశంలో బీరు పాడైపోతోందని బాధపడి ఒక సంఘం పెట్టుకున్నారు. అదే కామ్రా. మొదట ‘ఏల్ పునరుద్ధరణ’ ఉద్యమం అని పేరు పెట్టుకుని, 1973లో ‘రియల్ ఏల్’ కోసం ఉద్యమం అని మార్చుకున్నారు. అప్పటికి పెద్ద కంపెనీలు బీరుని వడగట్టి, వేడిచేసి, అందులోని ఈస్ట్‌ని చంపేసి, కెగ్గులనే లోహపు డబ్బాల్లో గ్యాస్ కొట్టి పంపుతున్నాయి. పాత పద్ధతి, అంటే రియల్ ఏల్ పద్ధతి, అది కాదు. బీరు పీపాలోకి వెళ్ళాక కూడా ఈస్ట్ బతికే ఉంటుంది. పబ్బు కింద నేలమాళిగలో పడుకుని మెల్లగా ఇంకోసారి పులుస్తుంది. బయటి గ్యాస్ ఏదీ కలపరు. చేతిపంపు లాగి గ్లాసులో పోస్తారు. 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంటుంది, అంటే మన లెక్కలో చల్లగా లేనట్టే. మొదటిసారి తాగినప్పుడు “మీ ఫ్రిజ్ పాడైందా?” అని అడిగిన ఘనత నాది.

ఇక ‘ఏల్’ సంగతి. ఒకప్పుడు ఇంగ్లిష్‌లో ఏల్ వేరు, బీరు వేరు. హాప్స్ (చేదు, వాసన ఇచ్చే తీగపువ్వులు) వెయ్యనిది ఏల్. నెదర్లాండ్స్ వైపు నుంచి 15వ శతాబ్దంలో వచ్చిన హాప్స్ వేసి కాచింది బీరు. ఇప్పుడు ఏల్‌లోనూ హాప్స్ వేస్తారు కాబట్టి మనం బీరు అనుకున్నా కొంప మునగదు. చిక్కంతా ‘రియల్’ దగ్గరే.

నా చిట్టాలో ఇప్పటికి మూడున్నాయి. మా యార్క్‌షైర్‌లోనే కీత్లీలో టిమొతీ టేలర్ వాళ్ళు చేసే ల్యాండ్‌లార్డ్, ఆల్కహాల్ 4.3 శాతం. దేశం మొత్తానికి ఏటా ఇచ్చే చాంపియన్ బీరు బహుమతి నాలుగుసార్లు దీనికే వచ్చింది. రెండోది మాషమ్ ఊరి థీక్‌స్టన్ వాళ్ళ ఓల్డ్ పెక్యూలియర్. ముదురు రంగు, కొద్దిగా తియ్యదనం, 5.6 శాతం. పేరు చూసి ‘వింతది’ అనుకోకండి, స్పెల్లింగే వేరు. బిషప్పు అధికారం కిందికి రాకుండా తన పంచాయతీ తానే తీర్చుకునే చర్చి ప్రాంతాన్ని ‘పెక్యూలియర్’ అనేవారు, మాషమ్ అలాంటిది. మూడోది దక్షిణాన ల్యూయిస్‌లో హార్వీస్ వాళ్ళ ససెక్స్ బెస్ట్, 4 శాతం. దీని కథ మన ఇళ్ళలో జరిగినట్టే ఉంటుంది. వాళ్ళు 1957లో యార్క్‌షైర్‌లోని టాడ్‌కాస్టర్ నుంచి ఒక ఈస్ట్ తెచ్చుకున్నారు. అప్పటి నుంచి ఒక విడత బీరు కాచగా మిగిలిన ఈస్ట్ తీసి తరువాతి విడతలో వేస్తూ అదే నడిపిస్తున్నారు. పక్కింటి నుంచి తెచ్చుకున్న తోడు!

మాట చెప్పండి మరి.

*

తెనాలి నుంచి:

బాబూ, నేను ముట్టను గానీ మాట ముట్టుకోవడానికి అభ్యంతరం లేదు.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో మద్యాన్ని చూసుకునే అధికారికి, సురాధ్యక్షుడికి, ఒక ప్రకరణమే ఉంది. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని రకాలు చెప్పాడు. మేదకంలో నీళ్ళు, బియ్యం, కిణ్వం. ఈ కిణ్వం అంటే పులియబెట్టడానికి వేసే ముద్ద. మన బడి పిల్లలు సైన్సులో ‘కిణ్వ ప్రక్రియ’ అని బట్టీపట్టేది ఈ ముద్ద పేరే. రెండు వేల ఏళ్ళ నాటి సారాబట్టీ మాటని ఎనిమిదో తరగతిలో కూర్చోబెట్టాం, ఎవరికీ తెలియదు.

గింజతో చేసినది కాబట్టి యవసుర అనవచ్చు. యవలంటే బార్లీ.

*

లీడ్స్ నుంచి:

మాష్టారూ, యవసుర వినడానికి గంభీరంగా ఉంది. కానీ పబ్బులో నా పక్కన కూర్చున్న కుర్రాడితో “తమ్ముడూ, ఒక యవసుర పట్టుకురా” అనలేను కదండీ. పైగా అది బీరుకే మాట అవుతుంది. ‘రియల్’ అలాగే మిగిలిపోతుంది.

*

నల్లగొండ నుంచి:

అన్నా, గింత దూరం ఎందుకు పోయిండ్రు? ఈ పంచాయితీ మా కల్లు మండువలో ఎప్పుడో తేలింది. చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు. గౌడన్న పొద్దున చెట్టెక్కి లొట్టి దించి పోసేది చెట్టు కల్లు. చెట్టుకి సంబంధం లేకుండా నీళ్ళల్లో మత్తుమందు కలిపి సీసాలల్ల నింపి అమ్మేది మందు కల్లు. మా తాత మొదటిది దొరకకపోతే ఉత్తగానే ఇంటికొచ్చేటోడు, రెండోది ముట్టలేదు. కామ్రా అన్నోళ్ళు చెప్పింది కూడా ఇదే ముచ్చట లెక్క ఉన్నది.

ఇంకొకటి. కల్లు కూడా బతికే ఉంటది. లొట్టికి లోపల సున్నం రాస్తే పులవదు, తియ్యగ నీరా వస్తది. రాయకపోతే చెట్టు మీదనే పులుసుడు మొదలైతది. పొద్దున తాగితే ఒక రుచి, పగటికి ఇంకో రుచి, మాపటికి తలకెక్కుడే. తాటాకు రేకలో పోసుకుని తాగినోడికి ‘ఫ్రిజ్ పాడైందా’ అన్న అనుమానం రాదు.

‘చెట్టు బీరు’ అనలేం గానీ ఆ దారిలోనే వెతుకుండ్రి.

*

లీడ్స్ నుంచి:

ఇది విన్నాక నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. పోయిన చలికాలం ఒక పబ్బులో (పేరెందుకు) ఒక పైంట్ తీసుకున్నాను. పైంటంటే 568 మిల్లీలీటర్లు, తక్కువేం కాదు. నోట్లో పెట్టుకోగానే వెనిగర్ వాసన. ఇది ఇంతేనేమో, నాకే తెలియదేమో అని సగం తాగేశాను, మొహం ముడుచుకుని. పక్క బల్ల దగ్గరి పెద్దాయన నవ్వి, “తీసుకెళ్ళి మార్చమను, సిగ్గుపడకు” అన్నాడు. కౌంటర్లో అమ్మాయి ఒక్క చుక్క రుచి చూసి, మాట్లాడకుండా మార్చి ఇచ్చింది, ఆ పంపుకి తగిలించిన పేరుబిళ్ళ వెనక్కి తిప్పేసింది. తెరిచిన పీపా రెండు మూడు రోజుల్లో ఖాళీ కావాలి. జనం రాని పబ్బులో అది అవ్వదు. పిల్లలకి నేను రాయబోయే మొదటి సలహా కూడా ఇదే: బీరు పేరు తరవాత చూడండి, ముందు పబ్బులో జనం ఉన్నారో లేదో చూడండి.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెబుతూ “బీరు పులిసిపోయింది” అన్నాను. వెంటనే మా ఆవిడ, “బీరంటేనే పులిసింది కదా?” అంది. ఆలోచిస్తే ఎంత బాగుందో చూడండి. ‘పులిసింది’ అంటే పని జరిగింది. ‘పులిసిపోయింది’ అంటే పని చెడింది. ఆ ‘పోయింది’ తగిలించగానే దోసెల పిండి పారబోతకి సిద్ధం. ఇంగ్లిష్‌లో వీళ్ళు దీనికి వేరే మాట వెతుక్కుంటారు, మనకి క్రియ తోకలోనే ఉంది.

*

బర్మింగ్‌హామ్ నుంచి:

మీ చిట్టాలో ఆడవాళ్ళు అడిగే ప్రశ్న లేదు తమ్ముడూ: చేదుగా ఉంటుందా?

ఇక్కడ ‘బిట్టర్’ అని ఒక జాతికే పేరు. దాన్ని ‘చేదు బీరు’ అని తెలుగులో పెడితే ఎవరైనా డబ్బులిచ్చి కొంటారా? మనకి చేదంటే కాకరకాయ, జ్వరం మాత్ర. కానీ మనకి చేదుల్లో కూడా తేడాలు తెలుసు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదు మొదట సువాసన వచ్చి తరవాత తెలుస్తుంది. మెంతుల చేదు వేయించిన కమ్మదనంతో వస్తుంది. కాకర చేదు నాలుక చివర కూర్చుంటుంది. మీరన్న ల్యాండ్‌లార్డ్ నా లెక్కలో వేపపువ్వు. నల్లటి పోర్టర్, స్టౌట్ రకం బీర్లు మాడబెట్టిన మెంతులు. తాగాక నాలుక ఎండినట్టుండే గుణం చేదు కాదు, వగరు. రెండూ కలిపెయ్యకండి.

‘మాల్ట్’ని మాత్రం అనువదించకండి, చేతులు జోడిస్తున్నాను. రాగిమాల్ట్ తాగని తెలుగువాళ్ళు లేరు. మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, పిండి కొట్టడం మన నానమ్మలకి తెలిసిన పని. బార్లీ మాల్ట్ అంటే చాలు.

చేదంటే భయపడేవాళ్ళకి నా సిఫారసు మైల్డ్ అనే రకం బీరు. మా దగ్గర సెజ్‌లీ ఊళ్ళో బీకన్ హోటల్ అనే పాత పబ్బు ఉంది. దాని వెనకే విక్టోరియా రాణి కాలం నాటి చిన్న బ్రూయరీ. అక్కడ కాచే సారా హ్యూస్ డార్క్ రూబీ మైల్డ్ తియ్యగా, నేరేడుపండు రంగులో ఉంటుంది. పేరుకే మైల్డ్. 6 శాతం! రెండోది తీసుకునే ముందు ఇంటికెళ్ళే బస్సు టైము చూసుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. శాకాహారులైన పిల్లలకి ఎవరూ చెప్పరు. ఈ పీపాల్లో బీరు తేటపడటానికి చాలా చోట్ల చేప ఈత తిత్తితో చేసిన పదార్థం వేస్తారు. గ్లాసులోకి పెద్దగా రాకపోయినా, పట్టింపు ఉన్నవాళ్ళు అడిగి తాగాలి. ఇప్పుడు అది లేకుండా చేసేవాళ్ళూ ఉన్నారు, వాటిలో కొన్ని కాస్త మబ్బుగా ఉంటాయి.

*

తెనాలి నుంచి:

అమ్మా, ‘తేటపడటం’ అన్నారు, చెవికి పండగలా ఉంది. పూర్వం కుండలో బురదనీరు తేరడానికి ఇండుపగింజ అరగదీసి వేసేవాళ్ళం, చిల్లగింజ అని కూడా అంటారు. ఆ చేప తిత్తి చేసే పని అదే. కాబట్టి దాన్ని ‘చేప ఇండుప’ అనుకోవచ్చు, తినని మాకు జాగ్రత్త చెప్పినట్టూ ఉంటుంది.

యవసుర వెనక్కి తీసుకుంటున్నాను.

*

చెన్నై నుంచి:

‘పీపా’ అని అందరూ వాడుతున్నారు, అది పోర్చుగీసు మాట. ఓడల్లో వచ్చి మనదైపోయింది. ‘పీపా బీరు’ అంటే ఎలా ఉంటుంది?

నాకు ఇంకా నచ్చినది ఒకటి ఉంది. మొదటి పోస్టులో “నేలమాళిగలో పడుకుని మెల్లగా ఇంకోసారి పులుస్తుంది” అన్నారు. జాడీలో పడుకుని తయారయ్యే దాన్ని మనం ఏమంటాం? ఊరగాయ. ఊరే కాయ. అలాగే ఊరబీరు. ‘కాయ’లో క గ అయింది గానీ బీరులో బ ఎటూ సరళమే, మార్చే పని లేదు. నోరూరడం, బావిలో నీరూరడం, అన్నిటిలో ఉన్న ఊరడమే. పైగా ఏ ఊరి బీరు ఆ ఊరిది అనే అర్థం కూడా తోస్తుంది.

ఆ రెండో అర్థం మాత్రం శబ్దం చేసే మాయ. పాత తెలుగులో నానే ఊఱుకి బండి ఱ, గ్రామం ఊరుకి మామూలు ర. తమిళంలో ఇప్పటికీ రెండిటి స్పెల్లింగూ వేరే.

*

నల్లగొండ నుంచి:

ఊరబీరు అంటే మా అమ్మ గోంగూర పక్కన పెట్టి వడ్డిస్తది అన్నా.

*

లీడ్స్ నుంచి:

వడ్డించనివ్వండి. పీపా బీరు కంటే నాకు ఊరబీరే నచ్చింది. ‘పీపా’ ఎందులో ఉందో చెబుతుంది, ‘ఊర’ లోపల ఏం జరుగుతోందో చెబుతుంది. పైగా కెగ్గు కూడా చూడటానికి పీపాలాగే ఉంటుంది. పీపాల కొలత మాటలకి మాత్రం కొత్తవి వెతకక్కర్లేదు. ఫర్కిన్ అంటే నాలుగో వంతు అని డచ్ మూలం, పెద్ద బ్యారెల్‌లో పావు, 72 పైంట్లు పడుతుంది. పావు అని రాస్తే చాలు.

నిన్న కొత్తగా వచ్చిన కాకినాడ కుర్రాడిని తీసుకెళ్ళి పరీక్షించాను. “ఇది ఊరబీరు, వేపపువ్వు చేదు, ఫ్రిజ్‌లో పెట్టరు” అని చెబితే తల ఊపాడు. పంపు లాగుతుంటే గ్లాసు పైన మన ఫిల్టర్ కాఫీలా తెల్లటి నురగ కట్టింది. యార్క్‌షైర్‌లో గొట్టం చివర చిన్న జల్లెడ మూతి పెట్టి అలా నురగ తెప్పిస్తారు, లండన్ వైపు దాన్ని చూసి మూతి విరుస్తారు. ఆ గొడవకి ఇంకో పోస్టు కావాలి.

సగం అయ్యాక వాళ్ళ నాన్నగారు ఫోన్ చేశారు. ఎక్కడున్నావంటే, “ల్యాండ్‌లార్డ్‌తో ఉన్నాను నాన్నా” అన్నాడు. ఆయన వెంటనే, “అద్దె ఏమైనా తగ్గిస్తాడేమో గట్టిగా అడుగు” అన్నారు.